ఆరోగ్యమే అందం: ఒక్క పాటలో వచ్చే దమ్ము కాదు!

కె.కోటపాడు నుంచి ఒక సోదరి ఇలా రాశారు: "నాకు నలభై ఎనిమిదేళ్ళు. షుగరుంది. మొన్న ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణకు వెళ్ళి, వెంకోజీపాలెం చేరేసరికి కాళ్ళు మొరాయిస్తే ఆటో ఎక్కేశాను. వచ్చే ఏడాదైనా మొక్కు తీరాలి. ముందు పదిహేను రోజులు నడిస్తే చాలదా? మా అబ్బాయేమో బీచ్ రోడ్డు మారథాన్‌కి కూడా పేరిస్తానంటున్నాడు. నలుగురూ నవ్వుతారేమోనని భయం."

నవ్వేవాళ్ళని నవ్వనివ్వండి సోదరీ! కాని పదిహేను రోజులు మాత్రం చాలవు.

మన సినిమాల్లో హీరో పల్లవిలో పరుగు మొదలుపెడతాడు. రెండో చరణం అయ్యేసరికి ఛాంపియన్! ఆ దమ్ము హీరోది కాదు, ఎడిటర్ కత్తెరది. ఉషాకిరణ్ వారి 'అశ్విని' (1991) గుర్తుందా? అందులో తన పాత్ర తానే వేసిన అశ్విని నాచప్ప పరుగు అలా వచ్చింది కాదు. ట్రాక్ మీద ఏళ్ళ తరబడి సాధించుకున్నది.

గిరి ప్రదక్షిణ అంటే 32 కిలోమీటర్లు. తొలిపావంచా దగ్గర బయల్దేరి, అడవివరం, హనుమంతవాక మీదుగా సముద్రం ఒడ్డుకొచ్చి, మాధవధార, గోపాలపట్నం చుట్టి మళ్ళీ కొండ కిందికి చేరాలి. గంటకు నాలుగు కిలోమీటర్ల చొప్పున ఎనిమిది గంటల నడక! మనసును భక్తి నడిపిస్తుంది. మోకాళ్ళను నడిపించాల్సింది అలవాటే. కండకు వారాల్లో బలం వస్తుంది గాని, కీళ్ళూ మడమలూ గట్టిపడ్డానికి నెలలు పడుతుంది. పైగా రెండు మూడు వారాలు పూర్తిగా మానేస్తే వచ్చిన దమ్ము కూడా తగ్గడం మొదలవుతుంది. అందుకే ఏడాది పొడుగునా నడవాలి.

ఈ శ్రావణం నుంచే వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట మొదలుపెట్టండి. పక్కమనిషితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే సరైన వేగం. కొద్దికొద్దిగా పెంచుతూ కార్తీకం దాటేసరికి వారానికొకసారి పది కిలోమీటర్లు నడవగలిగితే మంచిది. విశాఖలో నావికాదళం వారి మారథాన్ సాధారణంగా నవంబరు, డిసెంబరు నెలల్లో వస్తుంది. అందులో 10 కిలోమీటర్ల విభాగం ఉంది. అబ్బాయి మాట వినండి! నడిచేవాళ్ళకు గడువెంతో ముందే కనుక్కోండి.

సంక్రాంతి రోజుల్లో మీ రోడ్ల మీద చెరుకు ట్రాక్టర్లు తిరుగుతాయి. లేతరంగు బట్టలు కట్టుకుని, ఎదురొచ్చే బండ్లు కనబడేలా కుడిపక్కన నడవండి. ఎండాకాలంలో దూరం తగ్గించినా ఫరవాలేదు, మానకండి. ఎండెక్కకముందే ఇల్లు చేరండి. జ్యేష్ఠం నాటికి వారానికొక పెద్ద నడక ఇరవై కిలోమీటర్లు దాటాలి. ప్రదక్షిణ ముందు రెండు వారాలూ సగానికి తగ్గించి కాళ్ళకు విశ్రాంతినివ్వండి.

ఇక షుగరు సంగతి. ముందుగా డాక్టరుకు గుండె, పాదాలు చూపించుకోండి. పెద్ద నడక రోజున మందు మోతాదు మార్చాలేమో ఆయన్నే అడగండి. చెమటపట్టి, చేతులు వణికితే ఆగి తినడానికి గ్లూకోజు గాని, మన అనకాపల్లి బెల్లం ముక్క గాని వెంట ఉండాలి. గుండెల్లో బరువనిపిస్తే అక్కడే ఆగి డాక్టరు సాయం అడగండి. షుగరున్నవాళ్ళకి అరికాలి స్పర్శ తగ్గవచ్చు. బొబ్బ లేచినా తెలియదు, అదే పుండవుతుంది. కాబట్టి వట్టికాళ్ళతో వద్దు. మెత్తటి బూట్లు, మేజోళ్ళు వేసుకుని, రోజూ రాత్రి అరికాళ్ళు చూసుకోండి. బూట్లు వేసుకుని వచ్చినంత మాత్రాన అప్పన్న అలగడు!

రేపు తెల్లవారుజామునే గుమ్మం దిగండి. ఎవరైనా "ఇంత పొద్దున్నే ఎక్కడికమ్మా?" అంటే "సింహాచలం" అని చెప్పండి. అబద్ధమేమీ కాదు. ఏడాది ముందు బయల్దేరారు, అంతే!