గడ్డి మందు పేరు కాదు, ముందు గడ్డి పేరు అడగండి



పోయిన వారం మన గ్రూపులో ఒక పోస్టర్ తిరిగింది, చూసే ఉంటారు. డబ్బా ముందు వైపు ఫోటో, కింద "తుంగ, గరిక, వయ్యారిభామ, అన్నింటికీ ఒకటే దెబ్బ" అని పెద్ద అక్షరాలు. కింద అందరిదీ ఒకటే ప్రశ్న: "ఎక్కడ దొరుకుతది అన్నా?" ఒక్కరు కూడా "ఏ పంటలో కొట్టాలి?" అని అడగలేదు. డిగ్రీలు, బీఎడ్లు చదివినవాళ్ళం మనం! నాకు కోపం వచ్చింది. ఆ కోపంలో సగం నా మీదే. ఎందుకంటే రెండేండ్ల కింద నేను కూడా అడగలేదు.

మా కాకాకు మూడెకరాల పత్తి చేను. ఆ యేడు పచ్చదోమ మందు కొట్టడానికి పక్క చేను ఆయన దగ్గర తైవాన్ పంపు అడిగి తెచ్చిన. అంతకుముందు రోజు ఆయన తన మక్క చేనులో వెడల్పాకు కలుపుకు 2,4-డి కొట్టిండు. నేను పంపును వాగులో ఒకసారి కడిగి, దోమ మందు కలిపి, మూడెకరాలూ కొట్టిన. వారం తిరిగేసరికి పత్తి లేత ఆకులు సన్నగా, చేతి వేళ్ళ లాగ చీలి, బెండ ఆకుల్లెక్క అయినయి. ఫోటో తీసుకపోయి మందుల దుకాణంలో చూపిస్తే "వైరస్" అన్నడు, ఇంకో సీసా ఉద్దెర ఇచ్చిండు. దసరా సెలవుల్లో వ్యవసాయ డిప్లొమా చదివే దోస్తుకు అదే ఫోటో చూపిస్తే, వాడు ఒకటే మాట అడిగిండు: "పంపు ఎవరిది?"

పత్తికి 2,4-డి అంటే అంత పడదు. పంపు అడుగున, పైపులో మిగిలిన కొంచెమే చాలు. ఆ సంగతి డబ్బా మీదనే రాసి ఉంటది. చదవగలిగినోన్ని మా ఇంట్లో నేనొక్కన్నే, నేనే చదవలేదు. పంట సగం కూడా రాలేదు, అప్పు మాత్రం పూర్తిగా మిగిలింది.

అందుకే చెప్తున్న, "ఏ మందు పవర్‌ఫుల్?" అన్న ప్రశ్నే తప్పు. అది దుకాణపోడు మనకు నేర్పిన ప్రశ్న. విత్తనం ఉద్దెర ఇచ్చేది ఆయనే, మందు ఇచ్చేది ఆయనే, చాలా ఊర్లల్ల చివరికి పత్తి కాంటా వేసుకునేది కూడా ఆయనే. అసొంటోడు "ట్యాంకుకు నాలుగు మూతలు పొయ్యి" అంటే మనోళ్ళు పోస్తున్నరు. మూత ఏ డబ్బాది, అది ఎన్ని మిల్లీలీటర్లు, ఎకరానికి ఎన్ని ట్యాంకులు పడతయి, ఈ లెక్క ఎవరూ అడగరు. రోగం చూడకుండా సూది ఇచ్చే ఆర్‌ఎంపీని తిడతాం గాని, గడ్డి చూడకుండా మందు ఇచ్చేటాయనకు దండం పెడతాం.

తుంగనే తీసుకోండి. పైన కనిపించే ఆకు తుంగ కాదు. తుంగంటే భూమిలో గొలుసులాగ అల్లుకున్న గడ్డలు. పారాక్వాట్ కొడితే తెల్లారేసరికి చేను మాడిపోయి కనిపిస్తది, "అబ్బ, ఏం మందు రా!" అంటరు. అది తగిలిన పచ్చదనాన్ని మాత్రమే కాలుస్తది, గడ్డ దాకా దిగదు. కొద్ది రోజులకే తుంగ మళ్ళీ లేస్తది, మనం మళ్ళీ డబ్బా కొంటం. గ్లైఫోసేట్ ఆకు నుంచి వేరుకు దిగుతది గాని, దాని పని కనపడటానికి వారం, పది రోజులు పడతది. అంతవరకు ఆగలేక మూడో రోజే "పని చేస్తలేదు" అని మళ్ళీ కొట్టేవాళ్ళను నేను చూసిన. తొందరగా మాడ్చేదే గట్టి మందు అనుకోవడం మనకున్న పెద్ద భ్రమ.

ఇంకోటి, వానాకాలం మన వాగు నీళ్ళు ఎర్రగా, బురదగా ఉంటయి గదా. ఈ రెండు మందులూ మట్టి రేణువులకు అతుక్కుంటయి. బురద నీళ్ళల్ల కలిపితే మందు బలం ట్యాంకులోనే పోతది. మనోళ్ళు దానికి చేసే వైద్యం ఏంటంటే, ఇంకో రెండు మూతలు ఎక్కువ పోయడం!

పారాక్వాట్ గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలె. డబ్బా మీద పసుపు త్రికోణం ఉంటది, ఎరుపు కాదు. "ఎరుపు కాదు గదా" అని ధీమాగా ఉండొద్దు. కడుపులోకి పోతే దీనికి విరుగుడు మందు లేదు. స్విట్జర్లాండ్ 1989లోనే దీన్ని ఆపేసింది. మన ఇండ్లల్ల మిగిలిన మందును కూల్‌డ్రింక్ సీసాలో పోసి చూరు కింద పెడుతున్నరు. దయచేసి ఈసారి ఊరికి పోయినప్పుడు మీ చూరు కింద ఒకసారి చూడండి.

గ్లైఫోసేట్ సంగతి ఇంకో కథ. 2018లో తెలంగాణ ప్రభుత్వం దాని మీద ఆంక్షలు పెట్టింది. 2022 అక్టోబరులో కేంద్రం, లైసెన్సు ఉన్న పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే దాన్ని వాడాలని ఉత్తర్వు ఇచ్చింది. మన ఏజెన్సీ ఊర్లల్ల అసొంటి ఆపరేటర్‌ను మీరెవరైనా చూసిన్రా? నేను చూడలేదు. అంగడిలో డబ్బాలు మాత్రం చూసిన. దానికి తోడు "గడ్డి మందు కొట్టినా చావని పత్తి" అని బిల్లు లేకుండా అమ్మే విత్తనం. అది ప్రభుత్వ అనుమతి లేని విత్తనం. మొలవకపోతే, కాయ రాకపోతే నష్టపరిహారం అడగడానికి నీ చేతుల కాగితం ముక్క ఉండదు. మోసపోయినోడే దొంగలెక్క దాక్కోవాలె.

"అట్లయితే అన్ని మందులూ బంద్ చేయాలంటవా?" అని అడుగుతరు. పట్నం నుంచి వచ్చి ప్రకృతి సేద్యం మీద ఉపన్యాసం ఇచ్చే పెద్దలు ఆ మాటే అంటరు. వాళ్ళను ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు, మా పెద్దమ్మ పక్కన నడుం వంచి కలుపు తీయమనండి. కూలీలు దొరకరు, దొరికినా వానలు పట్టుకుంటే చేనులో కాలు పెట్టలేం. కలుపు మందు పాపం అని నేను అనను. కానీ వాడితే లెక్కతో వాడండి. పత్తి ఒక్కటే వేసిన చేనులో విత్తిన రెండు రోజుల లోపు, తడి నేల మీద పెండిమిథాలిన్ కొడితే గింజల నుంచి వచ్చే గడ్డి చాలావరకు ఆగుతది. తర్వాత కలుపు రెండు నాలుగు ఆకుల మీద ఉన్నప్పుడు, గడ్డి జాతికైతే క్విజలోఫాప్, వెడల్పాకుకైతే పైరిథయోబాక్. మోకాలెత్తు పెరిగినాక కొడితే డబ్బులు దండగ. తుంగకు ఇవేవీ పని చేయవు. దానికి ఎండాకాలం లోతు దుక్కి చేసి గడ్డలు ఎండబెట్టాలె, ఆ తర్వాత నీడ కమ్మే పంట వేయాలె. తుంగ నీడను ఓర్చుకోదు. ఒక్క యేడుతో పోయేది కూడా కాదు.

ఇక మన తాతల పద్ధతి, జొన్నలో కంది, పెసర, అనుములు కలిపి వేసే చేను. అక్కడ ఏ డబ్బా పట్టుకపోతరు? జొన్న కోసమని అట్రజిన్ కొడితే కంది పోతది. వెడల్పాకును చంపే మందుకు కంది ఏదో, కలుపు ఏదో తెల్వదు. చెంచలి కూర, గునుగు కూర దుకాణపోని లెక్కల కలుపు, మా ఇంట్ల రాత్రి కూర. మందు కొట్టిన చేను గట్టు మీద నుంచి అవి తెంపుకొచ్చే ఆడోళ్ళకు, అక్కడ మందు కొట్టిన సంగతి ఎవరు చెప్తున్నరు?

చేను దాటి అడవి అంచుకు పోతే పులికంప ఉంటది, అదే లాంటానా. దాని మీద కూడా మందు కొడదామని ఒక తమ్ముడు రాసిండు. కర్ణాటక బీఆర్ హిల్స్‌లో సోలిగ పెద్దలు చెప్పే మాట తెలుసుకోండి. ఎండాకులకు వాళ్ళు పెట్టే చిన్న చిన్న మంటలను, 1974లో ఆ కొండలు అభయారణ్యం అయినాక ఆపించిన్రు, ఆ తర్వాతే లాంటానా అడవిని కమ్మేసిందని వాళ్ళంటరు. ఇప్పుడు అదే కంపతో వాళ్ళు కుర్చీలు, బుట్టలు అల్లుతున్నరు. పులికంపను నేల కింద నాలుగు వేళ్ళ లోతున తల్లివేరు నరికి, మొదలును తలకిందులుగా పెట్టాలె, కాయ పండకముందే. పశువులు, తేనెటీగలు తిరిగే చోట, వాగు పుట్టే చోట మందు ఎందుకు?

మా కాకా ఇప్పుడు రెండు పంపులు పెట్టుకున్నడు. గడ్డి మందు పంపుకు ఎర్ర గుడ్డ కట్టిండు, దాన్ని ఎవరికీ అరువు ఇయ్యడు, అడగడు.

పోస్టర్ పెట్టిన తమ్ముడూ, నీ మీద నాకు కోపం లేదు. ఆ డబ్బా వెనక వైపు ఫోటో తీసి పెట్టు. అక్షరాలు చిన్నగా ఉంటయి, దగ్గర పెట్టి తియ్యి.