ఎగువ ఊళ్ల నీళ్లు, దిగువ ఊళ్లకు మురుగు

హైదరాబాద్‌లో కుళాయి తిప్పితే వచ్చే నీళ్లలో చాలావరకు హైదరాబాద్‌వి కావు. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927)లతో నగరం దాహం తీరే రోజులు ఎప్పుడో పోయాయి. అరవైల్లో మంజీర, తర్వాత సింగూరు, 2004 నుంచి కృష్ణా, 2015 నుంచి ఎల్లంపల్లి దగ్గరి గోదావరి. నగరం పెరిగినకొద్దీ పైపులైన్లూ పొడవయ్యాయి.

ఆ నీళ్లకు వేరే హక్కుదారులూ ఉన్నారు. సింగూరు నీళ్లు నగరానికి పోతుంటే ఘనపురం ఆనకట్ట, నిజాంసాగర్ కింది రైతులు ఏళ్లుగా గొడవ పెడుతూనే ఉన్నారు. వాన ముఖం చాటేసిన ఏడు ముందు ఎండేది వాళ్ల మడులే.

నగరం వాడుకున్న నీళ్లు మూసీలో కలుస్తాయి. నగరం దాటి ప్రతాపసింగారం వైపు వెళితే నది వెంట పచ్చగా పశుగ్రాసం కనిపిస్తుంది. ఆ గడ్డి కోసి, మోపులు కట్టి నగరంలోని డెయిరీలకు పంపుతారు. గేదెలు మేస్తాయి, పాలు నగరం ఇళ్లకే చేరతాయి. ఒకప్పుడు అక్కడ వరి ఎక్కువ. మురుగులో నత్రజని మితిమీరి పైరు ఏపుగా పెరిగి పడిపోవడం, గింజ తాలుపోవడం చూసి చాలామంది గడ్డికి మారారు. నడివేసవిలోనూ ఆగని పారకం రైతుకు ధీమాయే. కానీ మడిలో దిగితే కాళ్లకు దురద, ఊరి బోర్లలో నోట పెట్టలేని నీళ్లు కూడా ఆ మురుగు పుణ్యమే.

నగరం కట్టే పన్నులతోనే రాష్ట్రం నడుస్తోందన్న మాటలో నిజముంది. కానీ ఆ పన్ను డబ్బులో ఈ ఎగువ, దిగువ ఊళ్లకంటూ నీటి పద్దు ఉండాలి.

2021 నుంచి నగరంలో ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితం. బస్తీలకు అది న్యాయమే. అపార్ట్‌మెంట్ ఫ్లాటుకూ అదే లెక్కెందుకు? అక్కడ మిగిలే డబ్బు ఎగువ చెరువుల పూడికతీతకు, దిగువ ఊళ్ల తాగునీటికి పెట్టవచ్చు.

అదే ఏడాది 31 కొత్త మురుగుశుద్ధి కేంద్రాలు మంజూరయ్యాయి. శుద్ధి చేసిన నీళ్లకు పరిశ్రమలూ, నిర్మాణ సంస్థలూ పోటీ పడతాయి. మురుగును భరించినన్నాళ్లూ అడిగే దిక్కులేని మూసీ ఆయకట్టు రైతులు, నీళ్లు బాగుపడ్డాక వరుసలో చివర నిలబడకూడదు. తొలి వాటా వాళ్లదేనని ప్రభుత్వం ఇప్పుడే జీవో ఇవ్వాలి. నగరం హద్దు దగ్గర మూసీ నీటి పరీక్ష ఫలితాలను నెలనెలా దిగువ పంచాయతీల నోటీసు బోర్డుల మీద పెట్టాలి. నది ఒడ్డున పార్కులకు, నడకదారులకు వేసే అంచనాల్లోనే ఈ రెండు పనులకూ డబ్బు చూపించాలి.