పరుగు పరీక్షకు ట్రైనర్: అవసరమెంత? ఆర్భాటమెంత?

యాప్రాల్: సికింద్రాబాద్‌కు ఉత్తరాన మిలిటరీ స్థలాలను ఆనుకుని ఉన్న యాప్రాల్‌లో తెల్లవారకముందే రోడ్డు మీద బూట్ల చప్పుడు మొదలవుతుంది. పరుగెత్తేవారిలో బొజ్జ కరిగించుకోవాలనుకునే ఉద్యోగులు కొందరైతే, పోలీసు కానిస్టేబుల్ కొలువు కోసమో, సైన్యంలో అగ్నివీర్ ఎంపిక కోసమో ఆయాసపడే కుర్రాళ్లు మరికొందరు. ఉద్యోగికి ట్రైనర్‌ను పెట్టుకోవడం సరదా కావచ్చు. కీసర, శామీర్‌పేట వైపు పల్లెల నుంచి వచ్చే కుర్రాడికి మాత్రం ఆ ఫీజు తండ్రి వడ్లమ్మిన సొమ్ము, లేదా వడ్డీకి తెచ్చిన అప్పు. అందుచేత ఆ డబ్బు కట్టాలా వద్దా, కడితే ఎవరికి కట్టాలి అన్నది ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకోవలసిన సంగతి అయింది.

ముందుగా పరీక్ష ఏమిటో చూడాలి. తెలంగాణ పోలీసు నియామక మండలి 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం మగవారు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి. లాంగ్ జంప్ 4 మీటర్లు దూకాలి. 7.26 కిలోల గుండును 6 మీటర్లు విసరాలి. ఆడవారికి 800 మీటర్ల పరుగు 5 నిమిషాల 20 సెకన్లలో, లాంగ్ జంప్ రెండున్నర మీటర్లు, 4 కిలోల గుండు 4 మీటర్లు. కుర్రాళ్ల భాషలో వీటిని ‘ఈవెంట్స్’ అంటారు. అంతకుముందు 2018 నోటిఫికేషన్‌లో మగవారికి అయిదు ఉండగా, 2022లో మూడుకు తగ్గించారు. వచ్చే నోటిఫికేషన్‌లో కొలతలు మళ్లీ మారవచ్చు గనుక అది వెలువడిన రోజే చదువుకోవడం మంచిది. నిరుటి పుస్తకాన్ని నమ్ముకోరాదు.

అగ్నివీర్ పరుగు ఇంతకంటె గట్టిది. 1600 మీటర్లను 5 నిమిషాల 30 సెకన్లలోపు పూర్తిచేస్తే 60 మార్కులు. ఆలస్యమైన కొద్దీ మార్కులు తగ్గుతాయి. బార్ పట్టుకుని పదిసార్లు గడ్డం పైకి లేపితే 40 మార్కులు. ఇవి కాక తొమ్మిది అడుగుల గుంత దూకడం, వంకర పలక మీద నడవడం ఉంటాయి.

గడియారం చెప్పే నిజం

ఈ లెక్కలను కాస్త విడదీసి చూస్తే చాలామంది భయం తగ్గుతుంది. 1600 మీటర్లంటే 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు చుట్లు. పోలీసు పరీక్షకు చుట్టుకు సుమారు 1 నిమిషం 48 సెకన్లు పడుతుంది. సైన్యంలో పూర్తి మార్కులు కావాలంటే చుట్టు 82 సెకన్లలో ముగియాలి. ఈ రెండింటికీ మధ్య చాలా దూరం ఉంది. మొదటిది ఆరోగ్యంగా ఉండి, పొలం పని చేసే కుర్రాడికి రెండు మూడు నెలల క్రమమైన సాధనతో అందేదే. రెండవదానికి ఒడుపు, వేగం, ఓపిక మూడూ కావాలి. ఆడపిల్లల 800 మీటర్ల సంగతికొస్తే, గంటకు 9 కిలోమీటర్ల వేగం సరిపోతుంది. ఇది నడకకు కాస్త పైన, తీరికగా పరుగెత్తే వేగం. మొదటి చుట్టు ఉరికి రెండవ చుట్టులో కూర్చుండిపోవడమే ఇందులో ఎక్కువగా జరిగే పొరపాటు.

కనుక ట్రైనర్ దగ్గరికి పోయే ముందు ఖర్చు లేని పని ఒకటుంది. హైస్కూలు మైదానంలో 200 మీటర్లు టేపుతో కొలిచి సున్నం గీత వేసి, చేతిలో ఫోను పట్టుకుని నిలబడే స్నేహితుడిని ఒకడిని పిలుచుకుని, ఎనిమిది చుట్లు పరుగెత్తి చూడాలి. తొమ్మిది నిమిషాల లోపు వచ్చిందంటే పోలీసు పరుగుకు ట్రైనర్ అవసరం ఉండకపోవచ్చు. వారానికి నాలుగు రోజుల సాధన చాలు. అందులో మూడు రోజులు పక్కవాడితో మాట్లాడగలిగినంత నెమ్మదిగా అరగంట పరుగు. నాలుగవ రోజు 400 మీటర్లు గట్టిగా పరుగెత్తి, ఊపిరి సర్దుకునేదాకా నడిచి, మళ్లీ పరుగెత్తడం. ఇలా నాలుగైదుసార్లు. రోజూ ప్రాణం పోయేలా పరుగెత్తేవాడు నెల తిరక్కుండానే మోకాలి కింద ముందుభాగం ఎముక నొప్పితో మంచం ఎక్కుతాడు. తారురోడ్డు మీద, అరిగిన చెప్పులతో పరుగెత్తితే అది ఇంకా తొందరగా వస్తుంది. మట్టి బాట మేలు.

మరొక సంగతి చాలామంది మరిచిపోతున్నారు. సివిల్ కానిస్టేబుల్‌కు ఈవెంట్స్ దాటితే చాలు, ర్యాంకు తేల్చేది రాతపరీక్ష. 2022 నోటిఫికేషన్‌లో ప్రాథమిక పరీక్ష ఆగస్టులో, ఈవెంట్స్ డిసెంబర్‌లో, తుది పరీక్ష 2023 ఏప్రిల్‌లో జరిగాయి. ఏడాది పొడుగునా ట్రైనర్‌కు డబ్బు పోసి, లెక్కలు, రీజనింగ్ పుస్తకం ముట్టనివాడు గీత దాటినా కొలువు దాకా రాడు. అగ్నివీర్‌కు కూడా 2023 నుంచి ముందు ఆన్‌లైన్ రాతపరీక్ష, తరువాతే ర్యాలీ.

అయితే ట్రైనర్ బొత్తిగా అక్కరలేదని కాదు. గుండు విసరడం బలం పనే అనుకుంటారు గాని, సగం ఒడుపే. గుండును మెడకు ఆనించి, కాలి నుంచి నడుముకు, నడుము నుంచి భుజానికి ఊపు తేవడం తెలియని బలశాలి నాలుగు మీటర్ల దగ్గరే ఆగిపోతాడు. లాంగ్ జంప్‌లో పలక దాటి కాలు పెడితే ఎంత దూకినా లెక్కలోకి రాదు. అడుగులు వెనక్కి కొలిచి గుర్తు పెట్టుకోవడం ఎవరైనా పక్కన నిలబడి నేర్పవలసిందే. ఈ రెండింటికీ తెలిసినవారి దగ్గర పది పన్నెండు పూటలు సరిపోతాయి. ఆరు నెలల ప్యాకేజీ దండగ. ఇక ఒళ్లు బాగా బరువుగా ఉన్నవారు, దెబ్బ తగిలి మళ్లీ మొదలుపెట్టేవారు, సైన్యం పరుగులో ఆరున్నర నిమిషాల దగ్గర ఆగిపోయి ముందుకు కదలనివారు మంచి ట్రైనర్‌కు ఇచ్చే డబ్బు వృథా కాదు.

ఎవరిని ట్రైనర్ అనాలి?

చిక్కంతా ఇక్కడే ఉంది. డాక్టరుకు, వకీలుకు ఉన్నట్టు ట్రైనర్‌కు మన దేశంలో లైసెన్సు విధానం లేదు. కండలు పెంచిన ఎవరైనా రేపటి నుంచి ట్రైనర్ బోర్డు పెట్టవచ్చు. జిమ్ముకు మునిసిపాలిటీ ఇచ్చే ట్రేడ్ లైసెన్సు దుకాణానికి ఇచ్చేదే తప్ప, ట్రైనర్ చదువుకు సాక్ష్యం కాదు. చదువు అంటే బి.పి.ఇ.డి., డి.పి.ఇ.డి. చదివిన వ్యాయామ ఉపాధ్యాయులున్నారు. 1961లో పటియాలాలో నెలకొల్పిన జాతీయ క్రీడా సంస్థలో కోచింగ్ డిప్లొమా చేసినవారున్నారు. జిమ్ము ట్రైనర్లకు నైపుణ్య మండలి సర్టిఫికెట్లూ ఉన్నాయి. అడిగి చూడటంలో తప్పు లేదు, మొగమాటం పడనక్కరలేదు.

యాప్రాల్, సైనిక్‌పురి ప్రాంతాల్లో మాజీ సైనికుల కుటుంబాలు చాలా ఉన్నాయి. మాజీ సైనికుడు అనగానే పల్లె తల్లిదండ్రులకు సహజంగా గురి కుదురుతుంది. కాని సైన్యంలో గుమాస్తా పని, డ్రైవరు పని, వంట పని చేసినవారూ సైనికులే. పరుగు నేర్పడం వేరే విద్య. ఆర్మీ ఫిజికల్ ట్రెయినింగ్ కోర్‌లో పనిచేశారా, లేక యూనిట్‌లో పీటీ కోర్సు చేశారా అని అడగాలి. చేసినవారైతే వారి దగ్గర నేర్చుకోవడం అదృష్టమే. జిమ్ము సంగతి మరోలా ఉంటుంది. అక్కడ జిమ్ము ఫీజు వేరు, పర్సనల్ ట్రైనర్ ఫీజు వేరు. ఆ రెండవ ఫీజులో ట్రైనర్‌కు వాటా ఉండటం వాడుక. కనుక చేరిన రోజే ‘మీకు పర్సనల్ ట్రైనింగ్ తప్పనిసరి’ అన్నవారి మాటను కాస్త తూచి వినాలి. చేతి కండలు పెంచే ట్రైనర్‌కు 1600 మీటర్ల పరుగు గురించి ఏమీ తెలియకపోవచ్చు కూడా.

కాగితాల కన్న కంటికి కనబడేదే మేలైన పరీక్ష. డబ్బు కట్టకముందు ఒక తెల్లవారుజామున పోయి దూరంగా నిలబడి చూడాలి. మొదటి వారం కుర్రాడినీ, ఏడాది సాధన చేసినవాడినీ ఒకే గుంపులో ఉరికిస్తున్నాడా? ఎవరి టైము ఎంతో పుస్తకంలో రాసుకుంటున్నాడా? కుంటుతున్నవాడిని ఆపుతున్నాడా, అరిచి ముందుకు తోస్తున్నాడా? యాభై మందికి ఒక్కడే ట్రైనరైతే అది పర్సనల్ శిక్షణ ఎలా అవుతుంది? చేరిన రోజున పాత దెబ్బలు, జబ్బులు, ఇంట్లో గుండెజబ్బుల చరిత్ర అడిగాడా? ఈ చివరి ప్రశ్న అడగని ట్రైనర్ దగ్గర మిగతావి చూడనక్కరలేదు.

ఇక ఫ్లెక్సీలు. గెలిచినవారి ఫొటోలు పాతిక ఉంటాయి. చేరినవారు ఎందరో, తప్పినవారు ఎందరో ఏ ఫ్లెక్సీ మీదా రాయరు. కిందటిసారి తప్పిన కుర్రాళ్లు ఇద్దరిని వెతికి మాట్లాడితే, పాతిక ఫొటోలు చెప్పని నిజం బయటికొస్తుంది. ఆడపిల్లను పంపేవారు బ్యాచిలో ఇతర ఆడపిల్లలు ఉన్నారా, మహిళా ట్రైనర్ ఉన్నారా, చీకటి వేళ రాకపోకలు ఎలా అన్నవి కూడా చూసుకోవాలి.

సూదులు, డబ్బాలు

ప్రాణం మీదికి తెచ్చే సంగతి ఒకటుంది. 2024 ఆగస్టు, సెప్టెంబర్‌లలో జార్ఖండ్‌లో ఎక్సయిజ్ కానిస్టేబుల్ ఎంపికకు 10 కిలోమీటర్ల పరుగు పెట్టినప్పుడు పది మందికి పైగా అభ్యర్థులు మరణించారు. ఎండ, ఉక్కపోత, ఉత్తేజక మందుల వాడకం కారణాలై ఉండవచ్చన్న అనుమానాలు వచ్చాయి. పరీక్షను కొన్నాళ్లు ఆపవలసి వచ్చింది. మన దగ్గర 2023 ఫిబ్రవరిలో సికింద్రాబాద్ ప్రాంతంలోని ఒక జిమ్ములో కసరత్తు చేస్తూ 24 ఏళ్ల కానిస్టేబుల్ కుప్పకూలి చనిపోయాడు. ఉద్యోగం వచ్చినవాడే, వయసులో ఉన్నవాడే. గుండె కండరం పుట్టుకతో మందంగా ఉండటం వంటి లోపాలు బయటికి కనబడవు. పరుగులో కళ్లు తిరిగి పడిపోయినా, ఛాతీ పట్టేసినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయి ఉన్నా, ఇ.సి.జి. తీయించుకుని డాక్టరుకు చూపించిన తరువాతే పరుగు. ఆడపిల్లలు ప్రభుత్వ ఆస్పత్రిలో రక్తహీనత పరీక్ష కూడా చేయించుకోవాలి. రక్తం తక్కువైతే ఎంత మంచి ట్రైనరైనా టైము తగ్గించలేడు. బాగా శ్రమించిన మరునాడు మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే కండరాలు చితికి కిడ్నీకి ముప్పు వచ్చిందని గుర్తు. ఆలస్యం చేయక ఆస్పత్రికి పోవాలి.

హైదరాబాద్‌లో మెఫెంటర్మైన్ సూదిమందును జిమ్ములకు పోయే కుర్రాళ్లకు అమ్మేవారిని పోలీసులు, ఔషధ నియంత్రణ అధికారులు పలుమార్లు పట్టుకున్నారు. ఆపరేషన్ సమయంలో పడిపోయిన రక్తపోటును పెంచడానికి డాక్టర్లు వాడే మందు అది. అలసట తెలియకుండా చేస్తుంది, గుండెను మాత్రం తరుముతుంది. ఇటువంటి సూది గాని, పేరు చెప్పని మాత్ర గాని చేతిలో పెట్టిన ట్రైనర్‌ను ఆ పూటే మానుకుని పోలీసులకు చెప్పాలి. ప్రొటీన్ డబ్బా అంత ప్రమాదం కాకపోయినా, పల్లె కుర్రాడికి గుడ్లు, పాలు, పప్పు, పల్లీలు అదే పని చేస్తాయి. డబ్బా తన దగ్గరే కొనాలని పట్టుబట్టేవారికి అందులో లాభం ఉన్నట్టే.

డబ్బు సంగతి

ఫీజు నెల నెలా కట్టడమే క్షేమం. ఆరు నెలలది ఒక్కసారి కడితే తగ్గింపు ఇస్తామంటారు. రెండవ నెలలో కాలు బెణికితే ఆ తగ్గింపు ఎందుకూ కొరగాదు. రసీదు తప్పక తీసుకోవాలి, మధ్యలో మానితే ఎంత తిరిగిస్తారో అందులోనే రాయించుకోవాలి. టెన్త్ మెమో, ఒరిజినల్ సర్టిఫికెట్లు, సంతకం చేసిన ఖాళీ చెక్కు, ప్రామిసరీ నోటు ఏ శిక్షణ కేంద్రానికీ ఇవ్వరాదు. ఉద్యోగం గ్యారంటీ అన్న మాట వినగానే లేచి రావాలి. సైన్యంలో ఎంపికకు ఎవరికీ డబ్బు ఇవ్వనక్కరలేదని, దళారులను నమ్మవద్దని సైనిక అధికారులు ప్రతి ర్యాలీకి ముందు చెబుతూనే ఉంటారు.

2022 జూన్ 17న సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో అగ్నిపథ్‌కు వ్యతిరేకంగా జరిగిన అల్లర్లు, కాల్పుల్లో ఒక యువకుడి మరణం పాఠకులకు తెలిసిందే. కొన్ని ప్రైవేటు శిక్షణ కేంద్రాలు రెచ్చగొట్టాయని పోలీసులు ఆరోపించారు, ఒక నిర్వాహకుడిని అరెస్టు చేశారు. కేసుల్లో ఇరుక్కున్న కుర్రాళ్లకు సర్కారీ కొలువు అందడం ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. వాట్సాప్ గ్రూపులో ఫలానా చోటికి రమ్మన్న ట్రైనర్, వెళ్లినవాడి తరఫున కోర్టు మెట్లెక్కుతాడన్న నమ్మకం పెట్టుకోరాదు.

కట్టిన ఫీజుకు మోసం జరిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. రసీదు ఉన్నవారి మాటకే అక్కడ బలం.

ఊరి బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు ఉంటే ముందు ఆయన్నే కలవడం మంచిది. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చిన వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవంజి దీప్తి ప్రతిభను మొదట గుర్తించింది బడి వ్యాయామ ఉపాధ్యాయుడే. 2022 జూన్ 2 నుంచి ఊరూరా క్రీడా ప్రాంగణాలు తెరిచారు, చాలాచోట్ల ఇనుప బార్లు, లాంగ్ జంప్ గుంత పెట్టారు. వాటిలో కొన్ని ఇప్పుడు పిచ్చిమొక్కలతో నిండిపోయాయి. గడ్డి కోయించి, గుంతలో రెండు ట్రాక్టర్ల ఇసుక పోయించి, 200 మీటర్ల గీత గీయిస్తే, నోటిఫికేషన్ వచ్చిన మరునాటి నుంచే ఊరి పిల్లలు యాప్రాల్ దాకా పోకుండా అక్కడే సాధన మొదలుపెట్టవచ్చు.