టామీ లేని ఇంట్లో జిమ్మీ

గేటు చప్పుడైతే చాలు, చటుక్కున లేచి కూర్చుంటుంది. వచ్చింది పాలబ్బాయని తెలిశాక మూతి కాళ్ల మీద ఆనించి మళ్లీ పడుకుంటుంది. పెరుగన్నం పెడితే రెండు ముద్దలు తిని, పక్కన ఇంకో గిన్నె ఉండే చోటుకేసి చూస్తుంది. రాత్రిపూట వరండా చివర ఉన్న పాత గోనెపట్టా దాకా వెళ్లి వాసన చూసి వస్తుంది. రెండు కుక్కల్ని కలిపి పెంచి, ఒకదాన్ని పోగొట్టుకున్న ఇళ్లలో తరచూ కనిపించేదే ఇది. టామీ పోయిన రోజు ఇంటిల్లిపాదీ ఏడుస్తారు. మెల్లగా ఎవరి పనుల్లో వాళ్లు పడతారు. మిగిలిన జిమ్మీ మాత్రం ఇంకా వెతుకుతూనే ఉంటుంది.

'నోరులేని జీవం... నాలుగు రోజులు పోతే అదే మర్చిపోతుందిలే' అనుకుంటాం. అంత తేలిగ్గా మర్చిపోవడం లేదనే చెబుతోంది 2022లో 'సైంటిఫిక్ రిపోర్ట్స్' పత్రికలో వచ్చిన ఓ అధ్యయనం. ఇటలీలో, ఇంట్లోని కుక్కల్లో ఒకదాన్ని కోల్పోయిన 426 మంది యజమానుల్ని పరిశోధకులు ప్రశ్నించారు. వారిలో 86 శాతం మంది, మిగిలిన కుక్క తీరు మారిందన్నారు. 67 శాతం కుక్కలు మనుషుల్ని వదలకుండా తిరిగాయి. 57 శాతం ఆటలు తగ్గించాయి. దాదాపు మూడోవంతు తిండి తగ్గించాయి. అంతకన్నా కాస్త ఎక్కువే, మునుపటికన్నా బెదురుగా ఉండటం మొదలుపెట్టాయి. సుమారు పావువంతు ఇళ్లలో ఈ మార్పులు ఆర్నెల్లు దాటినా పోలేదు.

ఇదంతా యజమానులు చెప్పిన మాటల మీద ఆధారపడిన సర్వే. కాబట్టి కుక్కలదీ మన లాంటి దుఃఖమేనని ఆ పరిశోధకులు తేల్చేయలేదు. కానీ ఓ సంగతి గమనించారు. రెండూ ఎన్నేళ్లు కలిసి ఉన్నాయన్నదాని కన్నా, ఎంత స్నేహంగా ఉన్నాయన్నదే ముఖ్యమట. ఇంట్లోవాళ్లు ఎంత కుంగిపోతే కుక్కలో మార్పూ అంత ఎక్కువగా కనిపించిందట.

ఎందుకలా? జంటగా పెరిగిన కుక్క రోజులో సగం రెండోదాని చేతిలోనే ఉంటుంది. అది లేస్తే ఇది లేస్తుంది. అది మొరిగితే ఇది గొంతు కలుపుతుంది. దీపావళి టపాసులకి అది బెదరకపోతే దీనికీ ధైర్యమే. ఆ తోడు పోతే ఎప్పుడేం చేయాలో తోచదు. కొన్ని కుక్కలైతే పుట్టి బుద్ధెరిగాక ఒంటరిగా ఉండటమన్నదే ఎరుగవు. ఇంట్లోవాళ్లంతా ఆఫీసులకీ బళ్లకీ వెళ్లిపోయాక తలుపు గీరడం, ఊళపెట్టడం అందుకే.

ముందు డాక్టరు

తిండి మానేసింది, మూలన పడుకుంటోంది అంటే బెంగేనని తీర్మానించేయకూడదు. రెండు కుక్కలూ తిరిగింది ఒకే వరండా, తాగింది ఒకే తొట్టి. ఒకదాన్ని పట్టిన పిడుదులు రెండోదాన్ని వదలవు. పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్‌లోనూ కుక్క తినదు, నీరసంగా పడుకుంటుంది. పార్వో, డిస్టెంపర్, లెప్టోస్పైరోసిస్‌ లాంటివీ ఒకదాన్నుంచి ఇంకోదానికి సోకేవే. కాబట్టి టామీ దేనివల్ల పోయిందో డాక్టరుకి చెప్పి, జిమ్మీని ఓసారి చూపించడం మంచిది. చిగుళ్లు పాలిపోయినా, వాంతులూ విరేచనాలూ అవుతున్నా, ఒక రోజంతా ఏమీ ముట్టకపోయినా ఆలస్యం చేయొద్దు. నీళ్లు కూడా తాగడం లేదంటే అంతసేపు కూడా ఆగొద్దు. పోయిన కుక్కకి రేబిస్ ఉందేమోనన్న అనుమానం ఏమాత్రం ఉన్నా, మిగిలినదాన్ని పశువైద్యుడికి చూపించాలి. దాన్ని ముట్టుకున్న ఇంట్లోవాళ్లూ వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మన మందుల పెట్టెలోంచి పారాసెటమాలో, నిద్రమాత్రో తీసి వేయడం మాత్రం వద్దే వద్దు. మనకి మామూలు మోతాదు కుక్క ప్రాణం మీదకి తేవచ్చు. బెంగ మరీ ఎక్కువై వారాల తరబడి తగ్గకపోతే, దానికి వాడే మందులు వేరే ఉన్నాయి. అవి పశువైద్యుడే రాయాలి.

గడియారం మారొద్దు

జబ్బేమీ లేదని తేలాక చేయాల్సింది చాలా చిన్న పని. కానీ రోజూ చేయాలి. నిన్నటిదాకా ఏ వేళకి తిండి పెట్టారో ఆ వేళకే పెట్టాలి. ఏ వేళకి తిప్పారో ఆ వేళకే తిప్పాలి. ఇంట్లో అందరూ దిగులుగా ఉన్నారని షికారు మానేయడం, పోనీలే పాపమని అర్ధరాత్రి బిస్కెట్లు పెట్టడం... రెండూ తప్పే. తోడు పోయిన కుక్కకి, ఈ ఇల్లు ఇంకా మునుపటిలాగే నడుస్తోందన్న భరోసా కావాలి.

తినకపోతే అన్నం కాస్త వెచ్చచేసి పెట్టి చూడండి. వాసన తగిలితే ఆకలి పుడుతుంది. మొదటి రెండు ముద్దలు చేత్తో తినిపించొచ్చు. ఇరవై నిమిషాలు చూసి గిన్నె తీసేయాలి. తినలేదని పూటకో కొత్త వంటకం చేసిపెడితే అలక నేర్చుకుంటుంది. జాలితో బిర్యానీ పెట్టొద్దు. అందులోని ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాల్ని దెబ్బతీస్తాయి. ఉడికిన కోడి ఎముకలు చీలికలై గొంతులో, పేగులో గుచ్చుకుంటాయి.

పోయిన కుక్క పడుకున్న పట్టాని, గిన్నెని ఆ రోజే బయట పారేయకండి. అంటురోగంతో పోకుండా ఉంటే కొన్నాళ్లు అక్కడే ఉంచొచ్చు. ఆ వాసన దగ్గర జిమ్మీ పడుకుంటానంటే పడుకోనివ్వండి. అటు పోనంటే బలవంతపెట్టొద్దు. మెల్లగా ఒక్కోటీ తీసేయొచ్చు.

దగ్గరకొస్తే తోసేయొద్దు, నిమరండి. అయితే ఊళపెట్టినప్పుడల్లా పరుగెత్తుకెళ్లి ముద్దుచేస్తే, ఊళపెడితేనే వస్తారనుకుంటుంది. ప్రశాంతంగా పడుకున్నప్పుడు వెళ్లి పక్కన కూర్చోవడం మేలు. షికారులో గొలుసు లాగేయకుండా, ఆగిన చోటల్లా వాసన చూడనివ్వండి. కుక్కకి అదే కాలక్షేపం. ఒంటరిగా వదలాల్సివస్తే మొదట ఐదు నిమిషాలు, తర్వాత పది, ఆపైన అరగంట... అలా అలవాటు చేయాలి.

కొత్తది ఎప్పుడు?

'ఇంకో పిల్లని తెచ్చేస్తే సరి' అనే సలహా అన్నివైపుల నుంచీ వస్తుంది. తొందరపడొద్దు. జిమ్మీ మునుపటిలా తింటూ, ఆడుతూ ఉండటం మొదలయ్యాక ఆలోచించాల్సిన మాట అది. పైగా ఉన్నది ముసలి కుక్క అయితే, చెవులు పట్టి లాగే పిల్ల దానికి తోడు కాదు... తలనొప్పి. నెమ్మదైన పెద్ద కుక్కని తెచ్చుకోవడం నయం. మూగజీవాలకి ఆశ్రయమిచ్చే చోట్ల అలాంటివీ ఉంటాయి. మొదటి పరిచయం ఇంట్లో కాకుండా బయట, ఏ మైదానంలోనో చేయించాలి.

టామీ పార్వోతో పోయిందా? అయితే మరీ జాగ్రత్త. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. మామూలు సబ్బునీళ్లకి పోదు. బ్లీచింగ్ ద్రావణంతో కడగాల్సిందే. టీకాలన్నీ పూర్తికాని పిల్లని ఆ ఇంట్లోకి తేకూడదు.

జిమ్మీకి వేళకి గిన్నె పెట్టే పనిని ఇంట్లో పిల్లలకి అప్పగించి చూడండి. టామీ కోసం బెంగపడ్డవాళ్లలో వాళ్లూ ఉంటారు. 'టామీ ఊరెళ్లింది' అని వాళ్లకి అబద్ధం చెప్పనక్కర్లేదు. జరిగింది చెప్పి, ఉన్నదాన్ని చూసుకోమనండి. మనం చెప్పే ఓదార్పు మాటలు కుక్కకి అర్థం కావు. సాయంత్రం ఆరింటికి కొక్కేనికున్న గొలుసు తీసిన చప్పుడు మాత్రం దానికి బాగా తెలుసు. ఆ చప్పుడు ఏ రోజూ తప్పకుండా వినిపిస్తే చాలు.