కృష్ణమ్మ పేరున్న ఓడలో మనకి చోటెక్కడ?

కొన్నేళ్ళ క్రితం విజయవాడ నుంచి డిగ్రీ చదివే ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని విశాఖపట్నం వెళ్ళాను. అక్కడికెళ్ళిన వాళ్ళందరూ చూసేదే మేమూ చూశాం. రామకృష్ణా బీచిలో ఒడ్డుకెక్కించి పెట్టిన కురుసుర జలాంతర్గామి. సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో మన నౌకాదళంలో చేరింది. 2001లో సేవ ముగించుకుంది, ఆ మరుసటేడు మ్యూజియం అయింది. నడుం వంచి ఒక గుండ్రటి ద్వారంలోంచి ఇంకో గుండ్రటి ద్వారంలోకి దూరుతూ పడకలూ, వంటగదీ, టార్పెడో గొట్టాలూ అన్నీ చూసి బయటికొచ్చాక ఒకమ్మాయి అడిగింది. "మేడమ్, ఇందులో ఆడవాళ్ళకి బాత్రూం ఎక్కడుంది?" మిగతా పిల్లలు కిసుక్కున నవ్వారు. నేనూ నవ్వి, "ఇందులో ఆడవాళ్ళే లేరు, ఇంక బాత్రూం దేనికే?" అన్నాను.

సమాజశాస్త్రంలో డాక్టరేటు చేసిన మనిషి ఇవ్వాల్సిన జవాబు కాదది. 2020లో సుప్రీంకోర్టు తీర్పు చదివినప్పుడు సిగ్గేసింది. ఆడవాళ్ళు లేరు కాబట్టి బాత్రూం లేదని నేననుకున్నాను. ప్రభుత్వం కోర్టులో చెప్పింది దీనికి సరిగ్గా తిరగేసి. రష్యా నుంచి వచ్చిన ఓడల్లో స్త్రీలకు బాత్రూములు లేవు కాబట్టి సముద్రం మీది ఉద్యోగాలకు వాళ్ళు పనికిరారని!

ఈ విషయం మన కృష్ణా డెల్టా ఆడవాళ్ళకెందుకంటారా? యుద్ధనౌకలకు మన పేర్లు పెట్టుకున్నారు కనక. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వాళ్ళు రాయల్ ఇండియన్ నేవీ కోసం కట్టిన ఓడల్లో కొన్నిటికి మన నదుల పేర్లే పెట్టారు. 1943లో ఒకటి 'గోదావరి', ఒకటి 'కిస్ట్నా'. కిస్ట్నా అంటే మన కృష్ణే, దొరల నోట్లో అలా తిరిగింది. 1611లో బందరు రేవుకి సరుకు కోసం వచ్చిన కంపెనీ వాళ్ళు, 1759 నాటికి అదే బందరు కోటని ఫ్రెంచివాళ్ళ నుంచి గుంజుకుని, చివరికి మన ఏటి పేరు తమ ఫిరంగుల ఓడ మీద రాసుకున్నారు. దేశవిభజనప్పుడు ఓడల్నీ పంచుకున్నారు. గోదావరి పాకిస్తాన్‌ వాటాకి వెళ్ళి 'సింధ్' అయింది. కృష్ణ మనకి మిగిలి 1981 దాకా పనిచేసింది.

రెండో కృష్ణ కథ ఇంకా చిత్రం. 1995లో బ్రిటన్ నుంచి కొన్న పాత ఓడ అది. కుర్రవాళ్ళకి శిక్షణ ఇవ్వడానికి వాడి 2012లో పక్కన పెట్టారు. అక్కడ ఉన్నప్పుడు దాని పేరు 'ఆండ్రొమెడా'. గ్రీకు పురాణంలో ఆండ్రొమెడా ఒక రాకుమార్తె. తల్లి గొప్పలు చెప్పుకున్నందుకు, సముద్రపు మృగానికి ఆహారంగా గొలుసులతో బండకి కట్టేసిన పిల్ల. గొలుసుల పిల్ల పేరు చెరిపి కృష్ణమ్మ పేరు రాశారన్నమాట.

ఇంగ్లీషులో ఓడని 'ఆమె' అంటారు. మనకా బాధ లేదు. చిన్నయసూరి నాటి నుంచీ మన వ్యాకరణంలో పురుషుడు మహత్తు, స్త్రీ రాయీ రప్పా ఓడా ఒకే గుంపు. ఆమె వచ్చింది, ఓడ వచ్చింది. క్రియ ఒక్కటే. ఓడని నీళ్ళలోకి దించేటప్పుడు మాత్రం స్త్రీ చెయ్యి కావాలి. 2009 జూలైలో విశాఖలో అణు జలాంతర్గామి అరిహంత్‌ని ప్రారంభిస్తూ కొబ్బరికాయ కొట్టింది గురుశరణ్ కౌర్. 2013లో కొచ్చిలో విక్రాంత్‌ని జలప్రవేశం చేయించింది ఎలిజబెత్ ఆంటోనీ. ఒకరు ప్రధానమంత్రి భార్య, ఒకరు రక్షణమంత్రి భార్య. పుణ్యస్త్రీ చేత దీపం వెలిగించి, తర్వాత వంటింట్లోకి పంపే ఆచారం మనకేం కొత్త కాదు.

చట్టం సంగతి చూద్దాం. 1957 నాటి నౌకాదళ చట్టం 9వ సెక్షన్ రెండో ఉపవిభాగం ప్రకారం, కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా పేర్కొన్న శాఖల్లో తప్ప స్త్రీలు నౌకాదళంలో చేరడానికి అర్హులు కారు. అలాంటి నోటిఫికేషన్ 1991 అక్టోబరులో గానీ రాలేదు. సరఫరాలు, న్యాయం, విద్య, ఈ మూడు శాఖల తలుపులు తెరిచారు. లెక్కలు రాయడం, కాగితాలు చూడడం, పాఠాలు చెప్పడం! బయటి సమాజంలో మనకి 'తగిన పనులు' ఏవో ఓడరేవులోనూ అవే. 1998లో మరికొన్ని శాఖలు చేర్చారు గాని ఉద్యోగం మాత్రం తాత్కాలికమే. పద్నాలుగేళ్ళ దాకా చేయించుకుని ఇంటికి పంపడం. పక్కన అదే పని చేసిన మగ అధికారికి శాశ్వత కమిషన్, ప్రమోషన్లు, పింఛను. ఈమెకి వీడ్కోలు సభ.

కొందరు మహిళా అధికారులు ఊరుకోలేదు. ఢిల్లీ హైకోర్టు 2015లో వాళ్ళ పక్షాన తీర్పిచ్చింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకి వెళ్ళింది. లెఫ్టినెంట్ కమాండర్ ఆనీ నాగరాజ కేసుగా పేరుపడిన ఆ వ్యాజ్యంలో 2020 మార్చి 17న తీర్పు వచ్చింది. శాశ్వత కమిషన్ ఇవ్వాల్సిందేనని, నూటొక్క సాకులు చెప్పినా అవి రాజ్యాంగం హామీ ఇచ్చిన సమానత్వానికి జవాబు కావని జస్టిస్ చంద్రచూడ్ రాశారు. మనం సంతోషించాల్సిన తీర్పే. అయితే ఒకటి గమనించాలి. 9వ సెక్షన్‌లోని ఆ నిషేధాన్ని కోర్టు కొట్టివేయలేదు. నోటిఫికేషన్ వచ్చింది కనక ఆ శాఖల్లో నిషేధం తొలగినట్టేనంది. అంటే మగవాడి హక్కు చట్టంలో ఉంది. మన హక్కు ప్రభుత్వ నోటిఫికేషన్‌లో ఉంది. ఇంటి పత్రం ఆయన పేరు మీద, తాళంచెవి మాత్రం మన కొంగున ఉన్నట్టు.

చేతకాదన్న మాట ఎప్పుడో వీగిపోయింది. 2017 సెప్టెంబరులో ఆరుగురు మహిళా అధికారులు 'తారిణి' అనే తెరచాప పడవ మీద గోవా నుంచి బయల్దేరి భూగోళం చుట్టి 2018 మే నెలలో తిరిగొచ్చారు. 254 రోజులు. ఆ ఆరుగురిలో ఇద్దరు మన తెలుగమ్మాయిలు, విశాఖ స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య బొడ్డపాటి. అంత చిన్న పడవలో బాత్రూం సమస్య రాలేదు కాబోలు. 2023 డిసెంబరులో ఒక నౌకకి తొలి మహిళా కమాండర్‌గా ప్రేరణా దేవస్థళీ పేరు ప్రకటించారు. బ్రిటన్‌లో స్త్రీలు యుద్ధనౌకల్లో పని మొదలుపెట్టిందీ 1990లోనే. ఆలస్యం మనదొక్కరిదే కాదు.

ఇక్కడ నా మనసులో ఉన్న ఇబ్బంది దాచుకోకుండా చెప్పాలి. యుద్ధ వ్యతిరేకులం, శాంతి కోరేవాళ్ళం అని చెప్పుకునే మనం యుద్ధనౌకలో చోటడగడం ఏమిటని మన మిత్రులే అడుగుతున్నారు. ఆ ప్రశ్న కొట్టిపారేసేది కాదు. ఆండ్రొమెడా 1982లో ఫాక్లండ్స్ యుద్ధానికి వెళ్ళింది. ఆ యుద్ధంలో చనిపోయిన ద్వీపవాసులు ముగ్గురు. ముగ్గురూ ఆడవాళ్ళే. వాళ్ళని చంపింది శత్రువు కాదు, వాళ్ళని విడిపించడానికొచ్చిన బ్రిటిష్ నౌకాదళంలోని మరో ఓడ పేల్చిన గుండు. ఫిరంగి ఉన్న చోటు మనకి నిషిద్ధం గాని, గుండు పడే చోటు ఎన్నడూ నిషిద్ధం కాలేదు. నా మటుకు నేను ఈ రెండు మాటలూ విడివిడిగా చెప్తాను. ఉద్యోగం, జీతం, పింఛను సమానంగా ఇవ్వాల్సిందే. ఆ ఓడ ఎవరి మీదికి పోతోందని అడగడం మానక్కర్లేదు. మగ నావికుడు జీతం పెంచమంటే 'నువ్వు యుద్ధాన్ని సమర్థిస్తున్నావా?' అని ఎవరూ నిలదీయరు కదా. నైతిక పరీక్షలన్నీ ఆడవాళ్ళకేనా?

ఓడ ఎక్కని ఆడవాళ్ళ మాట కూడా ఉంది. దివిసీమలో నాగాయలంక దగ్గర క్షిపణి పరీక్షా కేంద్రానికి 2025 మే 2న ప్రధానమంత్రి అమరావతి నుంచి శంకుస్థాపన చేశారు. దానికి పెట్టిన పేరు 'నవదుర్గ'. నది అయింది, ఇక అమ్మవారు. ఇంద్రకీలాద్రి కింద పుట్టి పెరిగినదాన్ని, ఆ పేరు వినగానే నాకూ ఒళ్ళు పులకరించింది. అందుకే పేర్లంటే భయం.

మడ అడవుల పక్కన చేపలు ఎండబెట్టే, పీతలు ఏరే ఆడవాళ్ళతో ఆ తర్వాత ఒకసారి మాట్లాడాను. అక్కడ పడవలకీ పసుపూ కుంకుమా పెడతారు, గంగమ్మ అంటారు. సముద్రం మీద వేటకెళ్ళే ఆ పడవలో మాత్రం ఆడది ఎక్కదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం. 2025లో దానికి ప్రభుత్వమిచ్చిన భృతి 20 వేలు, పడవ మీద వేటకెళ్ళే వాళ్ళకే. ఆ 61 రోజులూ చేప లేక గంప ఖాళీగా ఉన్న ఆమె ఆ లెక్కలోకి రాదు. రేపు పరీక్షల పేరుతో వేట ఆపితే నష్టం ఎవరికి కట్టిస్తారు? పడవ పత్రం చూసి కడితే ఈమె పేరు దాంట్లో ఉండదు. పని మొదలుకాక ముందే ఆడవాళ్ళ పేర్లు, వాళ్ళు చేసే పని, రోజు ఆదాయం విడిగా రాయించాలని మన సంఘాలు ఇప్పుడే పట్టుబట్టాలి. తర్వాత అడిగితే కాగితం చూపించమంటారు.

ఇదే వాళ్ళతో అన్నాను. అరవై దాటిన ఒకామె పీతలు కడుగుతూ తలెత్తకుండా వింది. 1977 ఉప్పెనలో అమ్మనీ ఇద్దరు చెల్లెళ్ళనీ పోగొట్టుకున్న మనిషి. "అమ్మోరి పేరు పెట్టారంటగా, నువ్వు చెప్తే తెలిసింది," అంది. "మమ్మల్ని ఎవురూ ఏం అడగలేదు తల్లీ. నా పేరు మాత్రం రాసుకెళ్ళు."

రాసుకుని వచ్చాను.