శనివారం పోతే ఆరు రోజులు

బడికి కదల్లేని పిల్లలకు ఇంటి దగ్గరే చదువుకునే హక్కుందని 2012లో విద్యాహక్కు చట్టానికి తెచ్చిన సవరణ చెబుతోంది. తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యం ఉన్న పిల్లల కోసం తెచ్చిన సవరణ అది. ఆచరణలో ఆ హక్కు బరువంతా మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో పనిచేసే ఐఈఆర్పీ (సమ్మిళిత విద్యా రిసోర్స్ పర్సన్) మీద పడింది. వారమంతా కేంద్రానికి వచ్చే పిల్లలను చూసుకుని, సాధారణంగా శనివారం ఇళ్లకు వెళ్లాలి. ఒక్క రోజులో ఎన్ని ఊళ్లు తిరగగలరు? తిరిగినా మిగతా ఆరు రోజుల మాటేమిటి? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో ఈ కొరత మరీ ఎక్కువగా తగులుతుంది. 2011 జనగణన ప్రకారం ఇప్పటి గద్వాల జిల్లా అక్షరాస్యత దాదాపు 50 శాతం, తెలంగాణలో అన్నిటికన్నా అడుగున. శనివారం చెప్పింది సోమవారం మళ్లీ చేయించగల తల్లిదండ్రులు తక్కువ. చేయించగలిగినవాళ్లు కూడా పొద్దున్నే పత్తి చేలకో, మేస్త్రీ వెంట వలసకో పోతే బిడ్డ అవ్వ దగ్గరే ఉండిపోతుంది.

అంటే ఇక్కడ లోటు నైపుణ్యానిదే కాదు, గంటలది కూడా. ఆ గంటలు డిగ్రీ కాలేజీల్లో ఉన్నాయి. జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) వలంటీరు ఏడాదికి 120 గంటల సేవ చేయాలి. వారానికి మూడు గంటలైతే అది ఇంటి దగ్గరున్న ఒక బిడ్డకు నలభై వారాల తోడు. ర్యాలీలకు, మొక్కలు నాటి ఫొటోలు దిగడానికి ఆ గంటలను ఖర్చుచేయడం కన్నా ఇది మేలు. పైగా మన విద్యార్థుల్లో చాలామంది పొద్దున బస్సెక్కి కాలేజీకి వచ్చి, సాయంత్రానికి అదే ఊరు చేరేవాళ్లు. ఆ పిల్లల ఇళ్లకు వాళ్లు కొత్తవాళ్లు కారు, వాళ్ల యాస పిల్లలకు తెలిసిందే.

శిక్షణ లేనివాళ్లతో హాని కదా అంటారు. నిజమే. ప్రత్యేక అవసరాలున్న విద్యార్థులకు తగిన అర్హత గల ఉపాధ్యాయులే ఉండాలని, ప్రాథమిక స్థాయిలో పదిమందికొకరు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది కూడా. అందుకే ఫిజియోథెరపీ జోలికి, మందుల జోలికి విద్యార్థి పోకూడదు. ఐఈఆర్పీ రాసిచ్చిన నాలుగు పనులు మళ్లీ మళ్లీ చేయించడం, కథ చదివి వినిపించడం, ఏం జరిగిందో నోటు పుస్తకంలో రాయడం, అంతే. ఒంటరిగా వెళ్లకూడదు, ఇంట్లో పెద్దవాళ్లు ఉండాలి. పరీక్షలు రాగానే మాయమైపోతారన్న భయానికి, మొదటి ఏడాది విద్యార్థిని రెండో ఏడాది వారితో జతచేయడం కొంత విరుగుడు.

వీటన్నిటికన్నా గట్టి అభ్యంతరం వేరే ఉంది. ఉచితంగా పనిచేసేవాళ్లు దొరికితే సర్కారు పోస్టులు నింపుతుందా? ఐఈఆర్పీలు ఏళ్లుగా ఒప్పంద ఉద్యోగులుగానే మిగిలిన చోట ఈ అనుమానాన్ని కొట్టిపారేయలేం. కాబట్టి ఐఈఆర్పీ లేని మండలానికి విద్యార్థులను పంపకూడదు. కఠినంగా తోచవచ్చు, కానీ మార్గం చూపేవారు లేని చోట ఆ సాయం ఖాళీ పోస్టును కప్పిపుచ్చే ముసుగే అవుతుంది. పాలమూరు విశ్వవిద్యాలయం ఈ సేవకు క్రెడిట్లు ఇవ్వదలిస్తే, హాజరు సంతకం కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రాం అధికారిది కాక, ఆ నోటు పుస్తకం చదివిన ఐఈఆర్పీదే కావాలి.