తేలు కుట్టిందా.. చేతులు పట్టి చూడండి

తేలు కుట్టిన దొంగ కిక్కురుమనడంటారు. నోరు మూసుకోవడం అతని చేతిలో పనే. ఒంటికి పట్టే చెమట, నోట్లో ఊరే నీళ్లు, గుండె దడ మాత్రం ఎవరి మాటా వినవు. వాటి పగ్గాలు స్వయంచాలిత నాడీవ్యవస్థ దగ్గరుంటాయి. తేలు విషం సరాసరి పట్టుకునేది దాన్నే.

అరకు, పాడేరు కొండల్లో కట్టెల మోపు ఎత్తాలన్నా, రాయి కదపాలన్నా తేలు భయమే. నల్లటి మండ్రగబ్బను చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. నిజానికి దాని కాటుతో బాధే ఎక్కువ. ప్రాణాల మీదికి తెచ్చేది వేలెడంత ఎర్రతేలు!

నాడీతంతువుల మీద సోడియం లోపలికి వెళ్లే సన్నటి ద్వారాలుంటాయి. సంకేతం దాటిపోగానే అవి మూసుకోవాలి. ఎర్రతేలు విషం మూసుకోనివ్వదు. దాంతో తంతువుల కొసల నుంచి రసాయనాలు కుమ్మరించినట్టు వచ్చిపడతాయి. ఎసిటైల్‌కోలిన్ వల్ల వాంతులు, ఒళ్లు తడిసేలా చెమట, చొంగ. అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్ల ధాటికి రక్తనాళాలు బిగుసుకుని కాళ్లూచేతులూ చల్లబడతాయి. బీపీ పెరుగుతుంది. గుండె అలసిపోయి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. పిల్లలకైతే గంటల వ్యవధే.

దీనికి విరుగుడు చూపింది పెద్ద పరిశోధనశాల కాదు. మహారాష్ట్రలోని మహాడ్ ప్రాంతంలో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్. బీపీకి వాడే ప్రాజోసిన్ మాత్రను తేలుకాటు రోగులకిచ్చి చూశారు. నార్‌అడ్రినలిన్ వచ్చి వాలే చోట ఆ మందు ముందే కూర్చుంటుంది. రక్తనాళాలు వదులవుతాయి, గుండె తెరిపిన పడుతుంది. 1986లో ఆ ఫలితాలు ‘లాన్సెట్’లో అచ్చయ్యాయి. విషానికి విరుగుడు సూదిమందును కూడా కలిపి ఇస్తే ఇంకా త్వరగా కోలుకుంటున్నారని 2011లో తేలింది. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

మాత్ర చవకే. కొండమీది గూడెం నుంచి డోలీలో రోడ్డెక్కేసరికి పట్టే సమయమే ఖరీదు. అందులో మంత్రానికీ, పసరుకూ సగం పోతే ఇక చెప్పేదేముంది?

కుట్టినచోట మంట ఎక్కువగా ఉండి, మిగతా ఒళ్లు మామూలుగా ఉంటే చాలావరకు గండం లేనట్టే. నొప్పి అంతగా లేకుండా చెమటలు పట్టి, వాంతులై, చేతులు చల్లబడితే మాత్రం క్షణం ఆగకూడదు. ప్రాజోసిన్ ఇంట్లో సొంతంగా వేసేది కాదు. బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. రోగిని పడుకోబెట్టి, డాక్టరు కనిపెట్టి చూస్తుండాలి.